చేరిక నుండి సొంతదనానికి: కంపెనీ కొలువులో కావలి సోదరులు – విమర్శనాత్మక పరిశీలన

సంగ్రహం:
సంస్థలో చోటు దొరకడం వేరు, ఆ సంస్థ తమదనిపించడం వేరు. ఈ భేదాన్ని ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసిన కావలి సోదరుల అనుభవం ద్వారా పరిశీలించి, నేటి కార్పొరేట్ కార్యాలయాల సమ్మిళిత విధానాలకు ఒక గీటురాయిని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చంద్రగిరి, ఈస్టిండియా కంపెనీ, కావలి సోదరులు, మెకంజీ, ప్రాతినిధ్యం, సమ్మిళితత్వం.

1. ఉపోద్ఘాతం:
కార్పొరేట్ సంస్థ తెలుగువారికి కొత్తది కాదు. 1639లో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి ఫ్రాన్సిస్ డే, చంద్రగిరి రాయల సామంతుడైన దామెర్ల వెంకటప్పనాయకుడి నుండి మద్రాసు తీరంలో స్థలం పొందాడు. 1645లో శ్రీరంగరాయలు ఆ హక్కులను ధ్రువీకరించాడు. వాటాదారుల పెట్టుబడితో, డైరెక్టర్ల నిర్ణయాలతో నడిచే సంస్థ ఆ విధంగా ఈ తీరంలో స్థిరపడింది. కోట చుట్టూ పెరిగిన పట్టణంలో ఐరోపావాసుల భాగం తెల్లపట్నంగా, స్థానికుల భాగం నల్లపట్నంగా విడిపోయాయి. బేరి తిమ్మన్న, కాశీ వీరన్న వంటి మధ్యవర్తులు లేనిదే కంపెనీ వ్యాపారం సాగేది కాదు. అయినా వారి అవసరం వారికి సమానస్థానాన్ని తెచ్చిపెట్టలేదు.

2. జ్ఞానం ఒకరిది, అధికారం మరొకరిది:
ఈ వ్యత్యాసం కావలి సోదరుల విషయంలో మరింత స్పష్టమవుతుంది. ఏలూరుకు చెందిన బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి కాలిన్ మెకంజీ వద్ద పనిచేశారు. శాసనాలు, కైఫియత్తులు, వంశావళులు సేకరించడంలో వారి కృషి కీలకం. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించాడు. భారతీయ విజ్ఞానంలోకి తనకు దారి చూపినది అతడేనని మెకంజీ స్వయంగా అంగీకరించాడు. అన్న తర్వాత ఆ బాధ్యతను లక్ష్మయ్య నిర్వహించాడు.

1821లో మెకంజీ మరణించాక, మిగిలిన పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య కోరాడు. ఆ ప్రతిపాదన బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ ముందుకు వచ్చింది. స్థానిక పండితుడు సహాయకుడిగా పనికివస్తాడు గాని విమర్శనాత్మక పరిశోధనకు నాయకత్వం వహించలేడన్న జేమ్స్ ప్రిన్సెప్ ధోరణి అక్కడ నెగ్గింది. వ్రాతప్రతుల పరిశీలన విలియం టేలర్ చేతికి వెళ్లింది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. లక్ష్మయ్యకు కొలువు నిరాకరించలేదు, జీతమూ ఇచ్చారు, ప్రశంసా దక్కింది. నిరాకరించినది నిర్ణయాధికారాన్ని. పైఅధికారి వ్యక్తిగత కృతజ్ఞత ఎంత నిజాయితీ గలదైనా, అది సంస్థ నియమంగా మారనప్పుడు ఆ అధికారితోనే ముగిసిపోతుంది.

3. చేరికలోని మరో వెలి:
అయితే కావలి సోదరులను కేవలం బాధితులుగా చూడడం అసంపూర్ణం. వారు నియోగి బ్రాహ్మణులు. అక్షరజ్ఞానం, కరణీకపు అనుభవం ముందునుంచీ ఉన్న కులాలకే కంపెనీ కొలువు తలుపులు సులువుగా తెరచుకున్నాయి. అణగారిన కులాలవారికి ఆ వాకిలే దూరం. కాబట్టి ఒక సమూహం నుండి ఎవరో కొందరు లోపలికి రావడాన్ని సమూహమంతటి చేరికగా లెక్కించరాదు.

4. వర్తమాన అన్వయం:
నేడు చంద్రగిరి నుండి రేణిగుంటకో, శ్రీసిటీకో, బెంగళూరుకో ఉద్యోగానికి వెళ్లే మొదటితరం పట్టభద్రులు ఈ ప్రశ్ననే వేరే రూపంలో ఎదుర్కొంటున్నారు. రాజ్యాంగంలోని 16(4) అధికరణం కల్పించిన రిజర్వేషన్ ప్రభుత్వోద్యోగాలకే పరిమితం. 2013 కంపెనీల చట్టం నిర్దేశిత తరగతుల కంపెనీల బోర్డులలో కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలన్నది. ఇవి వాకిలికి సంబంధించిన ఏర్పాట్లు. లోపలికి వచ్చిన దళిత ఇంజనీరు మాట సమావేశంలో నిలుస్తున్నదా? తెలుగు మాధ్యమంలో చదివిన యువతి యాసను బట్టి ఆమె సామర్థ్యాన్ని కొలుస్తున్నారా? ఈ ప్రశ్నలకు హాజరుపట్టీలోని సంఖ్యలు జవాబు చెప్పవు.

5. ముగింపు:
సమ్మిళితత్వానికి గీటురాయి ఎందరిని చేర్చుకున్నారన్నది మాత్రమే కాదు. చేసిన పని ఎవరి పేరున నమోదవుతున్నది, పైస్థానం ఖాళీ అయినప్పుడు ఆ పని తెలిసినవారి పేరు పరిశీలనకు వస్తున్నదా అన్నవే అసలు పరీక్షలు. నేటికీ ఆ వ్రాతప్రతుల రాశిని మెకంజీ సేకరణగానే పిలుస్తున్నాం. సేకరించిన చేతుల పేర్లను చేర్చి చెప్పడం చరిత్రకు న్యాయం. పనిచేస్తున్న చేతులకు అధికారంలో పాలు ఇవ్వడం వర్తమానానికి న్యాయం.