రాత్రికో గోనెసంచి

మదనపల్లె ఎండాకాలం దాటలేని మొక్కను డబ్బులిచ్చి మరీ కొనుక్కున్నాను. మాస్‌డెవాలియా దాని పేరు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో, మబ్బులు చెట్ల మీదే కాపురముండే అడవుల్లో, కొమ్మలకు పట్టిన నాచులో పెరిగే ఆర్కిడ్. 1794లో మాస్‌డెవాల్ అనే స్పెయిన్ వైద్యుడి పేరు దానికి పెట్టారు. వైద్యుడి పేరున్నా నా మొదటి మొక్క బతకలేదు. మే నెలలో ఆకులు మొదళ్ళ దగ్గర నల్లబడి, ముట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చాయి.

ఎండ తగలనియ్యలేదే, నీళ్ళు తప్పలేదే అనుకున్నాను. తప్పు పగటిది కాదు, రాత్రిది. ఆండీస్‌లో రాత్రిపూట 10, 12 డిగ్రీలకు దిగుతుంది. మనకు మేలో తెల్లవారుజామునా ఉక్కే. రాత్రి వెచ్చగా ఉంటే ఆకు పగలంతా కూడబెట్టిన చక్కెర ఊపిరికే ఖర్చయిపోతుంది. పైగా నీళ్ళు దాచుకునే దుంపకాడలు కూడా లేవు దీనికి. మన చెట్ల మీది వాండా ఆర్కిడ్ అలా కాదు, లావుపాటి వేళ్ళతో ఎండలను ఈదేస్తుంది. దాన్నేమో బదనిక అని తీసిపారేస్తాం!

ఒకప్పుడు కడప కలెక్టరు హార్స్‌లీ దొర మన ఎండలకు తాళలేక 1,265 మీటర్ల ఏనుగు మల్లమ్మ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. మళ్ళీ కొన్న నా మొక్కకు కలెక్టరు జీతం లేదు. కుప్పంలో స్నేహితుడొకడు తన మొక్కను ఏసీ గదిలో పెట్టి చూశాడు. ఏసీ చల్లదనం ఇచ్చింది గానీ గాలిలో తేమంతా లాగేసుకుంది.

దారి చూపింది పుంగనూరు దగ్గర పట్టుపురుగులు పెంచే మా అత్త. "ఎండలు ముదిరితే పురుగుల ఇంటికి గోనెసంచులు తడిపి కడతాం గదా అబ్బోడా, నీ పువ్వుకు కడితే వద్దంటుందా?" అంది.

కట్టాను. తడిగోనె వెనక చిన్న ఫ్యాను, మొక్క మట్టికుండీలో. కుండలో నీళ్ళు చల్లబడే లెక్కే ఇదీ. గాలి పొడిగా ఉన్నంతవరకే పనిచేస్తుంది. బోరునీళ్ళు మాత్రం పనికిరావు. కుండీ అంచున తెల్లగా ఉప్పు పేరుకుని ఆకు కొసలు మాడాయి. వాననీళ్ళు డ్రమ్ములో పట్టుకోవాల్సిందే.

జనవరిలో పూసింది. నారింజరంగు రేకులు మూడు, అడుగున అతుక్కుని గొట్టంలా ఉన్నాయి. కొసలు సన్నటి తోకలు. నిజానికవి రేకులు కావు, రక్షకపత్రాలు. అసలు రేకులు గొట్టం లోపల, నువ్వుగింజంత. భూతద్దం పెట్టి అత్తకు చూపించాను.

"వాసనైనా రాదా దీనికి?" అంది అత్త.

ఇప్పుడు మార్చి. ఆమె దగ్గరే ఇంకో రెండు పాత గోనెసంచులు అడిగి తెచ్చుకున్నాను.