శీషమ్ ఆకు, శీషమ్ చేవ

ఢిల్లీ రోడ్ల పక్క చెట్లను పోల్చుకోవడానికి ప్రదీప్ క్రిషెన్ 2006లో తెచ్చిన ‘ట్రీస్ ఆఫ్ ఢిల్లీ’ చేతిలో ఉంటే చాలు. సినిమాలు తీసిన మనిషి, ఆ కన్ను పుస్తకమంతా కనిపిస్తుంది. శీషమ్‌నే తీసుకోండి. చిక్కుడు కుటుంబపు చెట్టు. ఆకులోని పత్రకాలు ఎదురెదురుగా కాక కాస్త వంకర తిరిగే ఈనె మీద ఒకటి విడిచి ఒకటి వస్తాయి. గుండ్రటి పత్రకం చివర చిన్న మొన, పల్చటి ఎండుకాయల గుత్తులు. ఇవి తెలిస్తే ఇక పొరబడరు.

అదే చెట్టు మీద ఢిల్లీ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి బృందం రాసిన పత్రాలు పక్కన పెట్టుకుంటే, ఇద్దరూ చూసింది ఒకే చెట్టునా అనిపిస్తుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కానుగ గింజల రసాయనాలను శోధించిన శేషాద్రి 1949లో ఢిల్లీ చేరారు. 1957లో వి.కె. అహ్లువాలియాతో కలిసి శీషమ్ చేవలోని డాల్బర్జిన్ అనే పదార్థపు అణు నిర్మాణం తేల్చారు. మామూలు ఫ్లేవోన్లలో రెండో స్థానంలోను, ఐసోఫ్లేవోన్లలో మూడో స్థానంలోను ఉండే ఫినైల్ వలయం ఇక్కడ కూమరిన్ మీద నాలుగో స్థానంలో ఉంది. ఎంత చిన్న తేడా! దాన్ని పట్టుకోవడానికి ఎంత ఓపిక కావాలో! ఆ పత్రాల్లో ఆకు లేదు, ఋతువు లేదు, చెట్టు ఎక్కడిదన్న ధ్యాస కూడా పెద్దగా లేదు. గొడ్డలి పడ్డాకే వారి కథ మొదలవుతుంది.

అయినా వైద్యానికి దగ్గరగా ఉన్నది రసాయనమే అంటాను. సుశ్రుతుడు చెప్పిన మందుచెట్ల గుంపుల్లో ఒకటైన సాలసారాది గణంలో శింశుప, అంటే శీషమ్‌గా భావించే చెట్టు, ఉంది. ఆ గణంలో వైద్యుడు కోరింది చేవను. క్రిషెన్ చూపు బెరడు దగ్గరే ఆగింది, శేషాద్రి లోపలికి వెళ్ళారు. అలాగని నిర్మాణం తేలితే మందు తేలినట్టు కాదు. నీళ్ళలో కాచిన కషాయంలోకి డాల్బర్జిన్ ఎంత దిగుతుందో, దిగింది ఏం చేస్తుందో అణువు బొమ్మ చెప్పదు.

పాత ఢిల్లీ ఖారీ బావలీలాంటి మూలికల బజారులో దొరికేది చెక్క ముక్కలో, పొడో. ఆకు ఉండదు కనుక క్రిషెన్ అక్కడ నిస్సహాయుడు. శేషాద్రి సాయపడాలి, సగమే పడతారు. వేగిస, ఎర్రచందనం జాతినీ, శీషమ్, జిట్రేగి జాతినీ కలిపి 1972లో ‘ఫైటోకెమిస్ట్రీ’లో ఆయన సమీక్ష రాశారు. ఒకే జాతి చెట్ల చేవల్లో ఈ పదార్థాలు ఎంతగా కలగలిసి ఉంటాయో అలాంటి సమీక్షలు చదివితేనే తెలుస్తుంది. డాల్బర్జిన్ జిట్రేగిలోనూ ఉంది. పొడిలో అది కనబడినంత మాత్రాన అది శీషమే అనలేం. ప్రయోగశాలకు పంపే చెక్కతోపాటు అదే చెట్టు ఆకూ పువ్వూ ఎండబెట్టి, ఊరూ తేదీ రాసి భద్రపరచాలి. శేషాద్రి పత్రం పక్కన క్రిషెన్ పుస్తకం ఉండాల్సింది ఆ ఒక్క పని కోసమే.