చెరువులో లోహశోధనము: సగము చెప్పిన పాఠము

లోహశోధక యంత్రమును ప్రారంభకులకు పరిచయము చేయు వ్రాతలు మంచినీట పని సులభమని చెప్పును. కారణము సరియైనదే. సముద్రజలము సాధారణపు మంచినీటికంటె సుమారు నూరు రెట్లు విద్యుద్వాహకము. తీగచుట్ట వలన ఆ నీటియందే సుడిప్రవాహములు పుట్టి యంత్రము తికమకపడును. 1831లో ఫారడే కనుగొనిన ప్రేరణయే దీనికి మూలము. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాడు విద్యుదయస్కాంత పద్ధతులకును అదే.

కాని అడుగున నేమున్నదో ఆ వ్రాతలు చెప్పవు. ఉప్పల్ నల్లచెరువునకు మురుగు చేరినది. నిమజ్జనములు జరుగు చెరువులలో విగ్రహముల ఇనుప చువ్వలు మిగులును. చువ్వ మ్రోత ప్రక్కనున్న నాణెపు మ్రోతను మ్రింగివేయును. చుట్ట తడియవచ్చును గాని, అనేక యంత్రములలో పెట్టె తడియరాదను సంగతియు చిన్న అక్షరములలోనే!

నాచారము ఉపాధ్యాయుడు పిల్లలను చెరువులో దింపనక్కరలేదు. ప్లాస్టిక్ తొట్టిలో ఇసుక, నీరు పోసి, నాణెము ప్రక్క మేకు నుంచి, పిదప మేకును తీసి వినిపించిన చాలును.