పేరు, గీత, హక్కు: నర్సీపట్నం పరిసరాల డిజిటల్ పటాలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

డిజిటల్ పటాల గురించి మన దేశంలో జరిగే చర్చ ఎక్కువగా భౌగోళిక సమాచారం దొరుకుతుందా, దొరకదా అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. నర్సీపట్నం పరిసరాల్లోని షెడ్యూల్డు ప్రాంత సరిహద్దును ఉదాహరణగా తీసుకుని, ఆ ప్రశ్న ఒక్కటే చాలదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ సరిహద్దును చట్టం గీతగా కాక గ్రామనామాల జాబితాగా నిర్వచించింది. ఆ పేర్లు తెరమీద గీతలుగా మారే క్రమంలో లిపి, కాలం, స్కేలు అనే మూడు చోట్ల అర్థం మారే అవకాశం ఉంది. కనుక పటాన్ని చూసే హక్కు, వాడుకునే హక్కులతో పాటు దాన్ని ఆధారాలతో ప్రశ్నించే హక్కు కూడా సమాచార లభ్యతలో భాగం కావాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలకపదాలు: డిజిటల్ పటాలు, భౌగోళిక సమాచారం, షెడ్యూల్డు ప్రాంతం, నర్సీపట్నం, గోలుగొండ, గ్రామనామాలు, భువన్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్.

1. ఉపోద్ఘాతం

పటం నేలకు అద్దం కాదనీ, అది కూడా ఒక రచనేననీ, దాన్ని ఒక పాఠంగా చదవాలనీ జె.బి. హార్లీ 1989లో ప్రతిపాదించాడు. తెలుగు సాహిత్య విమర్శకు ఈ దృష్టి కొత్తది కాదు. ఒక ప్రతిని పరిష్కరించేటప్పుడు దాని మూలం ఏది, పాఠాంతరాలు ఎన్ని, లేఖకుడు ఎక్కడ పొరబడ్డాడు అని మనం అడుగుతాం. అవే ప్రశ్నలు డిజిటల్ పటాన్ని అడిగితే ఏం తేలుతుంది? ఈ వ్యాసం ఆ ప్రయత్నం చేస్తుంది.

ఇందుకు నర్సీపట్నం పరిసరాలను ఎంచుకోవడానికి కారణముంది. మైదానం ముగిసి మన్యం మొదలయ్యే చోట ఉన్న పట్టణమిది. బ్రిటిషు కాలంలో గోలుగొండ తాలూకాకు కేంద్రం. 1922-24 నాటి మన్యం తిరుగుబాటుకు రంగస్థలమైన కృష్ణదేవిపేట, చింతపల్లి దీని ఎగువనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు నర్సీపట్నం కొత్త అనకాపల్లి జిల్లాలోకి, చింతపల్లి, కొయ్యూరు మండలాలు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. ఇంత చిన్న ప్రాంతంలో పాలనా సరిహద్దు, అటవీ సరిహద్దు, రాజ్యాంగపరమైన సరిహద్దు పక్కపక్కనే నడుస్తాయి. పటంలో జరిగే చిన్న తేడా కూడా ఇక్కడ మనుషుల హక్కులను తాకుతుంది.

2. గీత కంటే ముందు పేరు

ఒక గ్రామం షెడ్యూల్డు ప్రాంతంలో ఉందా, లేదా అన్నది ఇక్కడ కేవలం పరిపాలనా వివరం కాదు. 1/70 చట్టంగా ప్రసిద్ధమైన 1970 నాటి సవరణతో కూడిన 1959 భూబదలాయింపు రెగ్యులేషను గిరిజనేతరులకు భూమి బదిలీ కావడాన్ని ఆ ప్రాంతంలోనే నిషేధిస్తుంది. గనుల కౌలుపై సుప్రీంకోర్టు 1997లో సమతా కేసులో ఇచ్చిన తీర్పు వర్తించేదీ, 1996 నాటి పీసా చట్టం గ్రామసభకు అధికారాలిచ్చేదీ ఆ పరిధిలోనే. సరిహద్దుకు ఇవతల ఉన్న గిరిజన కుటుంబానికి ఈ రక్షణలు లేవు. అందుకే వెలుపల మిగిలిపోయిన గిరిజన గ్రామాలను షెడ్యూల్డు ప్రాంతంలో చేర్చాలన్న డిమాండు ఈ సంధిప్రాంతంలో చాలాకాలంగా వినిపిస్తోంది.

ఇంత బరువు మోస్తున్న సరిహద్దును నిర్వచించింది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. అందులో అక్షాంశ రేఖాంశాలు లేవు. ‘విశాఖపట్నం ఏజెన్సీ ప్రాంతం’ అన్న మాట ఉంది. 1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టం నుంచి వచ్చిన పాలనా పదమది. ఆ తర్వాత 1951లోనూ, 1955లోనూ వెలువడిన విరమణ ఉత్తర్వులు ఆ ప్రాంతం నుంచి కొన్ని గ్రామాలను మినహాయించాయి. ఏజెన్సీ లక్ష్మీపురం, గోలుగొండపేట, కృష్ణదేవిపేట మినహాయింపు పొందిన పేర్లలో ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట షెడ్యూల్డు ప్రాంతం కాకపోవడానికి మూలం ఆ జాబితాలో చేరిన ఒక పేరే.

దీన్నిబట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. ఇక్కడ మూలప్రతి పటం కాదు, పేర్ల జాబితా. తెరమీద కనబడే రంగుల గీత ఆ జాబితాకు ఎవరో చేసిన వ్యాఖ్యానం. వ్యాఖ్యానాన్ని మూలంగా చదవడమే డిజిటల్ పటాల వాడుకలో కనిపించే మొదటి దోషం.

3. వ్యాఖ్యానంలో మూడు చిక్కులు

3.1 లిపి: రాష్ట్రపతి ఉత్తర్వు ఆంగ్లపాఠం. అందులోని ఊళ్ల పేర్లు రోమను అక్షరాల్లోకి మారినవి. ఆ లిపిలో మన హ్రస్వదీర్ఘాలు, ట-త, డ-ద, ళ-ల భేదాలు నిలవవు. మినహాయింపు జాబితాలో ‘చిడికాడ’ అని గాని, ‘చీడికాడ’ అని గాని చదవదగిన పేరొకటి ఉంది. జిల్లాలో చీడికాడ పేరుతో మండలకేంద్రమూ ఉంది. పేరును మాత్రమే పోల్చే యంత్రం ఈ రెంటినీ ఒకటిగా కలపడానికి సంకోచించదు. ఆ రెండూ ఒకటేనా అన్నది తాలూకా రికార్డులు చూసి మనిషి తేల్చవలసిన ప్రశ్న. గోలుగొండ పేరును వలసపాలన పత్రాలు రాసిన తీరు గోల్కొండకు అతి సమీపంగా ఉండటం వల్ల, అంకీయ గ్రంథాలయాల్లో వెదికే పరిశోధకుడికి హైదరాబాదు కోటే ముందు ఎదురవుతుంది. తెలుగు లిపిలో కలవని రెండు పేర్లు రోమను లిపిలో కలిసిపోతున్నాయి.

3.2 కాలం: మినహాయింపు వర్తించేది ఆయా గ్రామాల్లో ‘ఇమిడి ఉన్న ప్రాంతాలకు’. అంటే ఉత్తర్వు వెలువడిన నాటి గ్రామ విస్తీర్ణం కావాలి. రెవెన్యూ గ్రామం వేరు, పంచాయతీ వేరు, శివారు పల్లె వేరు. గ్రామాలు విడిపోయాయి, కలిశాయి, పేర్లు మార్చుకున్నాయి. మన్యంలో ముఠాల రద్దు 1969 నాటి రెగ్యులేషనుతో గాని రాలేదు. రైత్వారీ విధానంలోకి ఆ భూములు మారడం ఆ తర్వాతి ప్రక్రియ. నేటి గ్రామ సరిహద్దుల పొరను తెచ్చి 1950ల నాటి జాబితాకు అతికించడం కాలదోషం. అలాగే 2022లో గీసిన జిల్లా సరిహద్దును షెడ్యూల్డు ప్రాంత సరిహద్దుగా చదవడమూ పొరపాటే. జిల్లాను రాష్ట్రప్రభుత్వం మార్చగలదు. షెడ్యూల్డు ప్రాంతాన్ని మార్చే అధికారం ఐదో షెడ్యూలు 6వ పేరా ప్రకారం రాష్ట్రపతిది.

3.3 స్కేలు: సర్వే ఆఫ్ ఇండియా వారి స్థలాకృతి పటాల్లో సామాన్యంగా దొరికేది 1:50,000 స్కేలు. నర్సీపట్నం పాత క్రమసంఖ్యలో 65 కె/10 షీటులో వస్తుంది. ఈ స్కేలులో అర మిల్లీమీటరు మందం గీత నేలమీద 25 మీటర్లు. చతురస్రంగా ఉన్న ఒక ఎకరం చేను భుజం సుమారు 64 మీటర్లు. అంటే గీత మందమే చేను భుజంలో మూడో వంతుకు పైగా ఆక్రమిస్తుంది. కాగితం మీద ఈ పరిమితి కంటికి కనబడేది. తెరమీద ఎంత దగ్గరికి జరిపినా గీత సన్నగానే ఉంటుంది. లేని కచ్చితత్వం ఉన్నట్లు తోస్తుంది. పాత షీట్లు ఎవరెస్టు గోళాభాసం ఆధారంగానూ, కొత్త ఓపెన్ సిరీస్ పటాలు డబ్ల్యు.జి.ఎస్.-84 ఆధారంగానూ తయారైనవి. ఈ తేడాను సరిచేయకుండా ఒకదానిపై ఒకటి పరిస్తే గీతలు పక్కకు జరుగుతాయి.

4. లభ్యత: విధానాల క్రమం

సమాచార లభ్యతలో గత రెండు దశాబ్దాల్లో మార్పు వచ్చిందన్నది కాదనలేం. ఒకప్పుడు తీరప్రాంత, సరిహద్దు ప్రాంత షీట్లు కొనడానికే అనుమతులు కావలసి వచ్చేవి. 2005 జాతీయ పటవిధానం రక్షణ అవసరాలకు ఒక శ్రేణినీ, ప్రజలకు ఓపెన్ సిరీస్‌నూ వేరుచేసింది. 2009లో ఇస్రో భువన్‌ను ప్రారంభించింది. దాన్ని నడిపేది హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమే. 2021 ఫిబ్రవరి 15 నాటి మార్గదర్శకాలు భారతీయ సంస్థలకు, వ్యక్తులకు పటాల తయారీలో ముందస్తు అనుమతుల అవసరాన్ని తొలగించాయి. 2022 డిసెంబరులో జాతీయ భూప్రాదేశిక విధానం వెలువడింది.

ఈ చివరి విధానంలో ఒక అంశం మన ప్రాంతానికి నేరుగా సంబంధించినది. 2030 నాటికి పట్టణ, గ్రామీణ ప్రాంతాలకు 5-10 సెంటీమీటర్ల వివరంతోనూ, అడవులకు, బంజర్లకు 50-100 సెంటీమీటర్ల వివరంతోనూ సర్వే జరగాలన్నది లక్ష్యం. వ్యయం దృష్ట్యా ఈ భేదం అర్థం చేసుకోదగినదే. కానీ నర్సీపట్నం దాటి ఘాటీ ఎక్కేవారికి దాని పర్యవసానం వేరు. అటవీహక్కుల చట్టం కింద పోడుభూమికి పట్టా కోరే కుటుంబం సాగుచేసేది అడవిగా నమోదైన నేలనే. హద్దు తగాదా ఎక్కువగా ఉన్నచోటే పటం స్థూలంగా ఉండబోతోంది. ‘అడవి’ అన్న వర్గీకరణే వివాదంలో ఉన్నప్పుడు, ఎంత వివరంగా కొలవాలో ఆ వర్గీకరణే నిర్ణయించడం న్యాయమా అన్నది విధానకర్తలు ఎదుర్కోవలసిన ప్రశ్న.

5. సాధనాల తులనాత్మక పరిశీలన

లభ్యతను మూడు మెట్లుగా చూడవచ్చు: చూడగలగడం, వాడుకోగలగడం, ప్రశ్నించగలగడం. ఈ కొలమానంతో మూడు రకాల సాధనాలను పోల్చవచ్చు.

భువన్ వంటి ప్రభుత్వ వేదికలు మొదటి మెట్టును చక్కగా దాటించాయి. ఉపగ్రహ చిత్రంమీద ఊరిని, చెరువును, అడవిని ఎవరైనా చూడవచ్చు. అయితే ఒక సరిహద్దు పొర ఏ ఉత్తర్వు ఆధారంగా, ఏ తేదీ నాటి గ్రామపటాల నుంచి, ఎవరి నిర్ణయంతో తయారైందో సామాన్య పాఠకుడికి ఆ గీత పక్కనే తెలిసే ఏర్పాటు ప్రభుత్వ వేదికల్లో బలహీనం.

రాష్ట్రప్రభుత్వ భూరికార్డుల వేదిక మీభూమి తెలుగులో పనిచేస్తుంది. అడంగల్, 1-బి వంటి రైతుకు తెలిసిన మాటలతోనే సమాచారం ఇస్తుంది. ఇది పెద్ద గుణం. కానీ అది సర్వే నంబరు స్థాయి వేదిక. ఆ సర్వే నంబరు షెడ్యూల్డు ప్రాంతంలోనిదా అన్న ప్రశ్నకు సమాధానం వెదకాలంటే పాఠకుడు మళ్లీ ఉత్తర్వు దగ్గరికే పోవాలి.

2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ స్వచ్ఛంద కార్యకర్తలు నిర్మించే పటం. సమాచారాన్ని దింపుకుని, మార్చుకుని, తిరిగి పంచుకునే స్వేచ్ఛను దాని లైసెన్సు ఇస్తుంది. ప్రతి మార్పుకు తేదీ, చేసినవారి ఖాతా, పాత రూపం భద్రంగా ఉంటాయి. పాఠపరిష్కర్తకు కావలసింది ఇదే. ఊరిపేరును తెలుగు లిపిలో వేరుగా నమోదుచేసే వీలు కూడా ఉంది. అయితే కార్యకర్తలు తక్కువగా ఉన్న మన్యపు పల్లెల్లో పటం పలచబడుతుంది. ఆధారం చెప్పే అంశం ఉన్నా దాన్ని నింపడం కార్యకర్త శ్రద్ధను బట్టి ఉంటుంది. పైగా దానికి చట్టపరమైన ప్రామాణ్యం లేదు.

ప్రామాణ్యం ఉన్నచోట చరిత్ర కనబడదు, చరిత్ర కనబడేచోట ప్రామాణ్యం లేదు. నేటి సాధనాల అసలు లోపం ఇది. తెర వేగమో, చిత్రం నాణ్యతో పెంచితే తీరేది కాదు.

6. తెలుగు పరిశోధన బాధ్యత

పటమూ పాఠమూ విడిపోయిన ఘట్టం మన చరిత్రలోనే ఉంది. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్‌గా నియమితుడైన కాలిన్ మెకంజీ కొలతలు సేకరిస్తూనే, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి సహాయకుల ద్వారా గ్రామాల కైఫీయతులనూ సేకరించాడు. ఊరి హద్దు గురించి ఊరివాళ్లు చెప్పుకునే మాట ఆ సేకరణలో కొలతకు తోడుగా ఉంది. తర్వాత పటం సర్వే శాఖకు, కైఫీయతు చరిత్ర శాఖకు పంచబడ్డాయి.

కడప జిల్లా ఊళ్ల పేర్లపై కేతు విశ్వనాథరెడ్డి చేసిన పరిశోధనతో తెలుగులో గ్రామనామ అధ్యయనానికి గట్టి పునాది ఉంది. ఆ శాఖ ఇంతవరకు ఎక్కువగా వ్యుత్పత్తి మీద, పూర్వ ఉత్తర పదాల వర్గీకరణ మీద దృష్టి పెట్టింది. ‘పాలెం’, ‘గూడెం’, ‘పేట’ అంటే ఏమిటో చెప్పింది. ఇప్పుడు ఒక్కొక్క పేరు ఏ పత్రంలో, ఏ ఏడాది, ఏ రూపంలో, ఏ నేలకు వర్తించిందో చెప్పవలసి ఉంది. గోలుగొండ, నాతవరం, కొయ్యూరు మండలాల గ్రామనామాలకు అటువంటి పాఠాంతర పట్టిక ఒక పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథానికి తగిన విషయం. దాని ఫలితం గ్రంథాలయంలో ఆగిపోకుండా, భూమి కేసులో ఒక గిరిజన రైతు తరఫు న్యాయవాదికీ పనికివస్తుంది. భూగోళశాఖ ఒక్కటే చేయగల పని కాదిది. రోమను రూపం నుంచి అసలు తెలుగుపేరును నిర్ధారించడానికి భాషాశాస్త్రం, పత్రపఠనం తెలిసినవారు కావాలి.

7. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలివి.

1. నర్సీపట్నం పరిసరాల్లో షెడ్యూల్డు ప్రాంత సరిహద్దుకు మూలం గ్రామనామాల జాబితా. పటంలోని గీత దానికి వ్యాఖ్యానం మాత్రమే.
2. లిపి మార్పిడి, గ్రామ విస్తీర్ణంలో కాలక్రమ మార్పు, స్కేలు పరిమితి అనే మూడు కారణాల వల్ల ఆ వ్యాఖ్యానం మూలానికి దూరం కావచ్చు.
3. 2005 నుంచి 2022 వరకు వచ్చిన విధానాలు చూసే, వాడుకునే అవకాశాలను పెంచాయి. గీతను ప్రశ్నించడానికి కావలసిన ఆధారాల వెల్లడి ఇంకా వెనకబడి ఉంది.
4. ప్రతి చట్టబద్ధ సరిహద్దు పొరతో పాటు దాని మూల ఉత్తర్వు, ఉపయోగించిన గ్రామపటం తేదీ, స్కేలు, తెలుగు లిపిలో నిర్ధారిత గ్రామనామం ప్రచురించడం కనీస ప్రమాణం కావాలి.
5. ఆ గ్రామనామాలను నిర్ధారించే పనిలో తెలుగుశాఖలకు, భూగోళ, న్యాయ శాఖలకు ఉమ్మడి బాధ్యత ఉంది.

కృష్ణదేవిపేట, గోలుగొండపేట వంటి ఊళ్లలో ఒక పేరును జాబితాలో ఎలా చదివామన్నదాన్ని బట్టి ఒక చేను రక్షణ లోపలికో, వెలుపలికో పోతుంది. ఆ పఠనం ఎలా జరిగిందో చూపించని పటం, ఉచితంగా దొరికినా, పూర్తిగా అందుబాటులో ఉన్నట్టు కాదు.