జంట పెట్టెల నడుమ నిలిచిన గొంతు

బల్ల మీద చెరొక కొసన కూర్చున్న జంట స్పీకర్ పెట్టెల్లారా, మీకు నమస్కారం. పుస్తకాల అరలో ఇమిడిపోయే ఒళ్లు మీది. ముఖాన కింద అయిదంగుళాల వూఫర్, పైన అంగుళం వెడల్పు పట్టుగుడ్డ గుమ్మటంతో ట్వీటర్. మీకంటూ సొంత బలం లేదు, సొంత మాట లేదు. కంప్యూటర్ పాటను ఇచ్చి, యాంప్లిఫయర్ సత్తువను ఇస్తేనే నోరు విప్పుతారు. విప్పాక మీ గొప్ప చెప్పుకోరు. పాడినవాళ్లను తెచ్చి ఎదుట నిలబెట్టి, మీరు పక్కకు తప్పుకుంటారు. మీ మీద నా భక్తికి కారణం అదే.

ఇది అశ్వారావుపేట. తెలంగాణ ఇక్కడికొచ్చి ఆగుతుంది, అవతల జీలుగుమిల్లి నుంచి ఆంధ్ర. 2016 దాకా ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. చుట్టూ పామాయిల్ తోటలు, ఆ నీడన కోకో, పక్కన జీడిమామిడి, ఆ వెనక అడవి. గెలల ట్రాక్టర్లు ఫ్యాక్టరీ దారి పట్టిన చప్పుడు పగలంతా వినిపిస్తుంది. పెళ్లికీ జాతరకీ డీజే బాక్సులు గుండె అదిరేలా మోగుతాయి. ఊరినంతా ఆడించడం వాటి పని, అది వాటికే చెల్లింది. మీకు ఒక్క కుర్చీ చాలు, అందులో ఒక్క మనిషి చాలు. ఒక్క వాటు కరెంటుకు మీటరు దూరంలో 86 డెసిబెల్స్ పలికే చిన్న పెట్టె ఆ మనిషి గుండె నింపడానికి సరిపోతుంది.

మిమ్మల్ని కంప్యూటర్‌కు కలిపే వరసను తలుచుకోవడమే నాకు స్తోత్రం.

సీపీయూ డబ్బా వెనక ఆకుపచ్చ రంధ్రం ఉంటుంది. ముందువైపు ఉన్న హెడ్‌ఫోన్ రంధ్రం చేతికి దగ్గర, కానీ దానికొచ్చే వైరు డబ్బా లోపల ఫ్యాన్లనూ బోర్డునూ దాటి వస్తూ ఆ గరగరనంతా వెంట తెచ్చుకుంటుంది. వెనకదే మేలు. అందులో సన్న పిన్ను, అవతలి కొసన ఎరుపు తెలుపు పిన్నులు. ఆ రెండూ యాంప్లిఫయర్‌లో ఆక్స్ అని రాసినచోట దిగాలి. ఫోనో అని రాసినచోట పెట్టకూడదు, అది గ్రామఫోను ముల్లు ఇచ్చే బహు సన్నని సంకేతం కోసం ఏర్పాటైంది. ఇంకొంచెం డబ్బుంటే యూఎస్‌బీకి తగిలించే చిన్న డాక్ ఒకటి కొనుక్కోవచ్చు. సీడీలో పాటంటే సెకనుకు 44,100 అంకెలు, ఒక్కో చెవికి ఒక్కో వరస. అంకెలను తిరిగి కరెంటు అలగా మార్చే పని డాక్ ఉంటే డబ్బా లోపలి రొదలో కాకుండా బయట ప్రశాంతంగా జరుగుతుంది.

యాంప్లిఫయర్ నుంచి మీ దాకా రాగి. ఈ పని నాకు అన్నిటికన్నా ఇష్టం. స్విచ్చి కట్టేసి, వైరు కొసన అరంగుళం తొక్క ఒలిచి, పోగులన్నిటినీ ఒక్కటిగా మెలేసి, ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది బిగించాలి. ఒక్క పోగు తప్పించుకుని పక్కదాన్ని తాకినా యాంప్లిఫయర్ ప్రాణానికి ముప్పు. అడవి అంచు తేమకు రాగి పచ్చబారుతుంది. వానలు వెనకబట్టాక ఆ కొస కత్తిరించి, మెరిసే రాగిని బయటికి తీసి మళ్లీ బిగించాలి. కొనేటప్పుడే వూఫర్ అంచున స్పాంజి కాకుండా రబ్బరు ఉన్నవి చూసుకోవాలి. ఈ వేడికీ ఈ తేమకీ స్పాంజి కొన్నేళ్లకే పొడిపొడిగా రాలిపోతుంది.

ఎరుపూ నలుపూ ఒక్క పెట్టెలో తారుమారైతే ఒక వూఫర్ గాలిని ముందుకు నెట్టే క్షణానే రెండోది వెనక్కి లాగుతుంది. బాసును బాసు మింగేస్తుంది. గొంతు గదంతా చెదిరిపోయి ఏ మూలా కుదురుకోదు. ఈ తప్పు పట్టడానికి మీటర్లు అక్కర్లేదు, ఘంటసాల చాలు.

1957 నాటి ‘మాయాబజార్’ పాటలు మోనోలో రికార్డయినవి. రెండు పెట్టెలకూ వెళ్లేది ఒకే పాట, వెంట్రుకవాసి తేడా లేకుండా. తీగలన్నీ సరిగ్గా కుదిరితే ఆ గొంతు కుడి పెట్టెలో వినిపించదు, ఎడమ పెట్టెలో వినిపించదు. రెండిటి నడుమ, మానిటర్ వెనక ఖాళీ గాలిలో నిలబడుతుంది. పెదవులు ఎక్కడ కదులుతున్నాయో వేలెత్తి చూపొచ్చు. ధ్వనికి చోటు కల్పించే ఈ స్టీరియో విద్యకు 1931లో లండన్‌లో అలన్ బ్లమ్లైన్ పేటెంటు దరఖాస్తు పెట్టాడు. ఒక్క గొట్టంలోంచి రావాలని పాడిన పాట కూడా ఆ విద్య నీడన తన నిలువెత్తు చోటు తెచ్చుకుంది. 1974 ఫిబ్రవరి 11న వెళ్లిపోయిన మనిషి ఇక్కడ, మన ఎదుట, చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి పీలుస్తాడు. ఇంతకన్నా ఏ వైరు ఏం చేయగలదు!

ఆ చోటు నిలబడాలంటే కూర్చునే పద్ధతి ఒకటుంది. రెండు పెట్టెల మధ్య ఎంత ఎడముంటే మన చెవులకూ ఒక్కో పెట్టెకూ అంతే ఎడం ఉండాలి. ట్వీటర్ చెవి ఎత్తుకు రావాలి, బల్ల పొట్టిదైతే పెట్టెల కింద లావుపాటి పుస్తకాలు పెట్టినా సరే. గోడకు ఆనించి పెడితే బాసు ఉబ్బిపోతుంది, జానెడైనా ఎడం ఇవ్వాలి. 

అలా కూర్చుని రామదాసు కీర్తన పెట్టుకోవాలి, బాలమురళీకృష్ణ గొంతులో. రామదాసుగా పేరుపడ్డ నేలకొండపల్లి గోపన్న కట్టిన పదాలవి. విజయవాడలో 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి కేంద్రం ద్వారా, భక్తిరంజని ద్వారా, బాలమురళి వాటిని తెలుగిళ్లన్నిటికీ పంచాడు. నేలకొండపల్లికీ భద్రాచలానికీ ఇటు పక్కనే బతికే మాకు ఆ పాట వేరే ఊరిది కాదు. గొంతు ఆగిన చోట తంబూరా ఒక్కటే మోగుతుంది. ఆ కాసేపట్లో ఇంకో శ్రుతి కూడా వినిపిస్తే జాగ్రత్తపడాలి. మందంగా, ఎడతెరిపి లేకుండా, సెకనుకు 50 సార్లు ఊగే కరెంటు హమ్ అది. కంప్యూటర్ ఒక గోడ బోర్డు నుంచి, యాంప్లిఫయర్ ఇంకో గోడ బోర్డు నుంచి కరెంటు తాగితే రెండు ఎర్తుల మధ్య పుట్టే రొద. రెండిటినీ ఒకే బోర్డుకు పెడితే చాలాసార్లు పోతుంది. హమ్ పోవాలని మూడో పిన్ను విరిచేవాళ్లున్నారు, ఆ పని ఎన్నడూ చేయకండి, అది ప్రాణాన్ని కాచే పిన్ను. ఇంటి పక్క ఎర్తు గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి, ఎండాకాలం నాలుగు బిందెలు నీళ్లు పోయండి. రామదాసుకు అదీ ఒక సేవే.

ఇక మన అడవి పాట. మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య ఉండేవారు. కంచుమేళంతో డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆ కళలో ఉన్నవి రెండు శబ్దాలు, కంచు, డోలు. పెట్టెల్లారా, మీ ఒంట్లోనూ ఉన్నవి ఆ రెంటికీ చోట్లే. డోలు దెబ్బ వూఫర్‌ది, కంచు మోత ట్వీటర్‌ది. మిమ్మల్ని చేసిన దేశాలు ఏవైనా, కోయడోలు కోసమే పుట్టినట్టుంటారు.

కానీ ఇచ్చిందే మీరు ఇవ్వగలరు. ఫోను నుంచి ఫోనుకు కుదించుకుంటూ వచ్చిన పాటలో ముందుగా చచ్చేది కంచు. సన్నని మెరుపంతా రాలిపోయి, నీళ్లలో ఊదినట్టు చీదర మోత మిగులుతుంది. డోలు లోతు ఫోను స్పీకరులో ఎప్పుడూ వినిపించలేదు గనుక అది ఉందో పోయిందో కూడా తెలియదు. ఈ బల్ల ముందు కూర్చున్నాకే తెలిసేది, మనం ఎంత పోగొట్టుకుంటూ పంచుకుంటున్నామో.

కాబట్టి అశ్వారావుపేట, దమ్మపేట, చర్ల, దుమ్ముగూడెం గూడేల పిల్లలకు నాదొక విన్నపం. మీ ఫోన్లలో తాతలు వాయించిన డోలు, అమ్మమ్మలు పాడిన రేల పాట ఉంటే అసలు ఫైలు చెరపకండి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే మామూలు ఆడియోగా, వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు అది కుదించుకుపోదు. ఒక ప్రతిని కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో దాచండి. రేపు మీ ఇంటికి ఈ జంట పెట్టెలు వచ్చినప్పుడు వాటికి మొదట ఆ పాటే ఇవ్వండి.