ఉప్పు పూసిన పూస

రాజోలు దగ్గర మా పెంకుటింట్లో, వానలు వెనకబట్టాక, వంటింటి గోడ అడుగున తెల్లగా ఉప్పు పూస్తుంది. గోడ ఆరేకొద్దీ లోపలి తేమ ఉప్పును మోసుకుని బయటికొస్తుంది. ఏటా సున్నం వేయిస్తాం, ఏటా పెచ్చులూడుతుంది. కోనసీమలో ఈ బాధ తెలియని పాత ఇల్లుండదు. ఆ గోడను చిన్నప్పటి నుంచీ తిట్టుకునేవాణ్ణి. ఈజిప్టు నీలిపూసల సంగతి చదివాక మానేశాను.

ఫేయన్స్ అంటారు వాటిని. ఇసుకో పలుగురాతి పొడో, కాస్త సున్నం, కొంచెం రాగి, నాట్రన్ అనే ఉప్పు. నాట్రన్ అంటే మరేం కాదు, మన రేవుల్లో బట్టలు ఉడకేసిన చౌడుకు దగ్గరి చుట్టమే. ముద్ద కలిపి, వేలి గోరంత మట్టి మూసలో అద్ది తీసి ఆరబెడితే, అచ్చం మా గోడకు పూసినట్టే ఉప్పు పైకి పూస్తుంది. ఆవంలో ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీల వేడికి ఆ పూత కరిగి గాజవుతుంది, రాగి దాన్ని నీలం చేస్తుంది. వేరే పద్ధతులూ ఉన్నాయి గానీ నాకు ఇదే ఇష్టం. రంగు అద్దే చెయ్యి లేకుండానే పూస మెరుస్తుంది. పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ 1891–92లో ఈజిప్టులోని అమర్నాలో తవ్వితే అలాంటి మూసలు వేలల్లో దొరికాయి. హోరస్ దేవుడి కన్ను, పేడపురుగు, పువ్వులు, పళ్లు. మణులు కొనలేని తల్లి కూడా బిడ్డ మెడలో ఇంత నీలం కట్టగలిగింది.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో, నిజాం 1930లో ఇచ్చిన మమ్మీ ముందు చాలాసేపు నిలబడ్డాను. ఈజిప్టులో శవాన్ని సుమారు నలభై రోజులు ఆరబెట్టిందీ నాట్రన్‌లోనే. ఆ తర్వాత గుడ్డ చుట్టేటప్పుడు పొరల మధ్య రక్షలు పెట్టేవారు. పూసకు మెరుపిచ్చిన ఉప్పే ఒంటిని కూడా కాపాడిందన్నమాట.

ఊరికొచ్చాక, ఆ రక్షలు గుర్తొచ్చి, ట్రంకుపెట్టెలోంచి నా చిన్ననాటి తాయెత్తు తీశాను. నా బొడ్డు ఊడినప్పుడు మామ్మ దాన్ని ఎండబెట్టి, వెండి తాయెత్తులో పెట్టి, లక్కతో మూసి మొలతాడుకు కట్టిందట. బయటి నుంచి తెచ్చిన మహిమేదీ లేదు అందులో, నా ఒంటి ముక్కే నాకు రక్ష. వెండి నల్లబడింది. లక్క మీద మామ్మ బొటనవేలి నొక్కు ఇంకా ఉంది. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాను. లోపల చిన్నగా, ఎండు గింజ కదిలినట్టు చప్పుడైంది.