రాతిలోంచి ఎముకను విడిపించే పనితనం

మేడ్చల్, శామీర్‌పేట గుట్టల్లో ఎంత వెతికినా శిలాజం దొరకదు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో శిలాద్రవం చల్లబడి గట్టిపడ్డ గ్రానైట్ అది. ఇక్కడి రాతిపనివాళ్లు వాటం చూసి సుత్తి దెబ్బలతో బండను చీలుస్తారు.

శిలాజాలను శుభ్రంచేసేవాళ్ల పని ఇందుకు తలకిందులు. ఒక్క దెబ్బ ఎక్కువైతే కోట్ల ఏళ్ల సాక్ష్యం పొడైపోతుంది. సూదిమొనతో రాతిని కొద్దికొద్దిగా గోకుతారు, కుంచెతో దులుపుతారు, పగులు కనిపిస్తే జిగురు పట్టించి ఆరేదాకా ఆగుతారు. ఎముక ఏ పొరలో, ఎలా పడి ఉందో ముందే రాసుకుంటారు. ఆ వివరం పోతే దాని వయసు చెప్పే ఆధారమే పోయినట్టు.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ తవ్వితీసిన ఎముకలకు 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి కోటాసారస్ అని పేరు పెట్టారు. అది జురాసిక్ యుగపు తొలినాళ్ల శాకాహారి డైనోసార్. ఆ ఎముకలు దొరికిన కోటా శిలాశ్రేణిలోని సున్నపురాతి పొరల్లో చేపల శిలాజాలూ దొరికాయి. అంటే అక్కడ ఒకప్పుడు నీళ్లు నిలిచేవన్నమాట.

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఆ అస్థిపంజరాన్ని చూసి పిల్లలు నోరెళ్లబెడతారు. పేరు పెట్టిన శాస్త్రవేత్తకు దక్కిన గౌరవంలో, ఎముకను విరగకుండా విడిపించిన పనివాళ్లకూ సగం వాటా ఉంది.